చివర రెండు సున్నాలున్న చిరునామా: ఆర్గ్యుమెంట్ బైండింగ్ లైబ్రరీపై ఒక కేస్ స్టడీ

మా లైబ్రరీ మొదటి విడుదల తర్వాత వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి ఒకే వాక్యం: "లాగ్‌లో దశాంశ సంఖ్యలు కొన్నిసార్లు తప్పుగా పడుతున్నాయి." ఫిర్యాదు చేసినాయన పంపిన స్క్రిప్టునే నా లైనక్స్ యంత్రం మీద నడిపాను. సరిగానే పడ్డాయి. పదిసార్లు నడిపాను, పదిసార్లూ అంతే. లైబ్రరీని సోర్సు నుంచి మళ్లీ కంపైల్ చేసి చూడమన్నాను. చేశాక ఆయనకూ బాగైపోయింది. "మళ్లీ కనిపించలేదు" అని రాసి ఫిర్యాదు మూసేశాను. కంపైల్ చేయగానే తప్పు మాయమైతే అనుమానం పెరగాలి. నాకు మాత్రం ఆ రోజు ఊరట కలిగింది.

లైబ్రరీ పని ఇది: ఒక చిన్న స్క్రిప్టు భాష నుంచి సీ భాషలో రాసిన ఫంక్షన్లను పిలవడం. సీ ఫంక్షన్ ఎవరో ఎప్పుడో కంపైల్ చేసి పెట్టినది. మన చేతికి వచ్చేది దాని చిరునామా ఒక్కటే. దానికి ఎన్ని పారామీటర్లో (అది తీసుకునే విలువల పేర్లు), ఏ టైపులో ఆ చిరునామాలో ఎక్కడా రాసి ఉండదు. స్క్రిప్టు రాసేవారు మాత్రం పేర్లతో, డీఫాల్ట్ విలువలతో, వరుస మార్చి హాయిగా పిలుస్తారు. మధ్యలో రెండు ప్రశ్నలున్నాయి. పిలుపులో రాసిన ఏ విలువ, అంటే ఏ ఆర్గ్యుమెంట్, ఏ పారామీటర్‌ది? దీన్ని బైండింగ్ అంటాం, భాష తేలుస్తుంది. ఆ విలువను ఏ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి అతి చిన్న నిల్వ చోటు) పెట్టాలి, లేదా స్టాక్ (పిలుపుల కోసం వాడే మెమరీ భాగం) మీద ఏ చోట పెట్టాలి? ఇది కాలింగ్ కన్వెన్షన్, ప్రాసెసరూ ఆపరేటింగ్ సిస్టమూ కలిసి తేలుస్తాయి.

నేను మొదట ఈ రెండింటినీ ఒకే లూపులో రాశాను. ఒక ఆర్గ్యుమెంట్ తీసుకో, ఎవరిదో చూడు, టైపు మార్చు, రిజిస్టర్ పట్టికలో పెట్టు, తర్వాతది తీసుకో. కోడ్ పొట్టిగా, ముచ్చటగా ఉండేది.

పై సగం: ఏది ఎవరిది

బైండింగ్ నియమాల కోసం కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. పైథాన్ ఈ దారిలో ముందే నడిచింది. పేరుతో మాత్రమే ఇవ్వాల్సిన పారామీటర్లు 3.0లో వచ్చాయి. ఫంక్షన్ సిగ్నేచర్‌ను, అంటే దాని పారామీటర్ల పట్టికను, చేతికిచ్చి దానితోనే బైండింగ్ చేసుకునే వీలు 3.3లో, వరుసలో మాత్రమే ఇవ్వాల్సిన పారామీటర్లకు సొంత రాత 3.8లో వచ్చాయి. మేం ఆ పద్ధతినే తీసుకున్నాం. ప్రతి పారామీటర్‌కు ఒక గడి. ముందు పేరు లేని ఆర్గ్యుమెంట్లను ఎడమ నుంచి గడుల్లో వేస్తాం. ఇంకా మిగిలితే, మిగతావన్నీ పట్టే పారామీటర్ ఉంటే అందులోకి పోతాయి, లేకపోతే తప్పు. తర్వాత పేరున్నవాటికి గడి వెతుకుతాం. ఆ గడి అప్పటికే నిండి ఉంటే అదీ తప్పే. ఖాళీ గడులకు డీఫాల్ట్‌లు వేస్తాం. అప్పటికీ ఖాళీలుంటే వాటి పేర్లన్నీ ఒకేసారి చెప్పి ఆగిపోతాం. ఒక్కొక్కటే చెప్పి మనిషిని ఐదుసార్లు తిప్పించుకోవడం నాకు నచ్చదు.

కాగితం మీద ఇది అరపేజీ. కోడ్‌లో రెండు చోట్ల దెబ్బతిన్నాను.

ఖాళీ గడి అంటే ఏమిటి? నేను గడులన్నిటినీ ముందు శూన్య విలువతో నింపి, చివర్లో ఇంకా శూన్యంగా ఉన్నవి ఇవ్వనివి అనుకున్నాను. కానీ మా స్క్రిప్టులో శూన్యం కూడా ఒక విలువే. గడువు వద్దని చెప్పడానికి ఒకరు 'గడువు' పారామీటర్‌కు శూన్యం ఇచ్చారు. నా కోడ్ అసలు ఇవ్వనట్టే లెక్కగట్టి డీఫాల్ట్ ముప్పై సెకన్లు పెట్టింది. ఇచ్చారా లేదా అన్నది విలువను చూసి తేల్చేది కాదు, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు పక్కన ఒక 64 బిట్ల సంఖ్య ఉంది. గడి నిండగానే దాని బిట్ వెలుగుతుంది. దానివల్ల ఒక ఫంక్షన్‌కు 64 పారామీటర్లు మించకూడదు. ఇంతవరకు ఎవరూ ఎక్కువ అడగలేదు. అడిగితే ముందు ఆ ఫంక్షన్‌ను చూపించమంటాను.

రెండోది ఇంకా సన్నది. ఒక ఫంక్షన్‌కు మొదటి పారామీటర్ 'మూలం'. దాన్ని వరుసలో మాత్రమే ఇవ్వాలి. చివరి పారామీటర్, ఎవరికీ చెందని పేర్లన్నిటినీ పట్టేది. ఒకరు మొదటి విలువను వరుసలో ఇచ్చి, 'మూలం' అన్న పేరుతోనే ఇంకొకటి ఇచ్చారు. నా కోడ్ "మూలం రెండుసార్లు ఇచ్చారు" అని ఆపేసింది. ఆలోచిస్తే తప్పు నాదే. వరుసలో మాత్రమే ఇచ్చే పారామీటర్‌కు బయటివారి లెక్కలో పేరే లేదు. ఆ పేరును ఎవరైనా వాడుకోవచ్చు, ఆ విలువ చివరి పారామీటర్‌లోకి వెళ్లాలి. పైథాన్ చేసేదీ అదే. పేర్ల పట్టిక కట్టేటప్పుడే అలాంటి పారామీటర్లను వదిలేశాను. దిద్దుబాటు ఒక్క పంక్తి, దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక పూట.

డీఫాల్ట్ విలువను ఎప్పుడు లెక్కగట్టాలన్న చర్చ కూడా నడిచింది. పైథాన్ ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారి లెక్కగడుతుంది. జావాస్క్రిప్ట్, రూబీ పిలిచిన ప్రతిసారీ లెక్కగడతాయి. మేం స్థిర విలువలను మాత్రమే ఒప్పుకున్నాం, చర్చ అక్కడితో ఆగింది. కొన్ని ఆర్గ్యుమెంట్లను ముందే కట్టిపెట్టి మిగతావి తర్వాత ఇచ్చే పాక్షిక బైండింగ్‌లోనూ అంతే పొదుపు చేశాం. సీ++11లో వచ్చిన బైండ్ సదుపాయంలో ఏ స్థానంలోనైనా ఖాళీ వదిలి తర్వాత నింపుకోవచ్చు. బైండ్ లోపల ఇంకో బైండ్ పెడితే లోపలిది ఎప్పుడు నడుస్తుందో గుర్తుపెట్టుకోవడం మాత్రం వాడేవారి పని. సీ++20లో ముందు వరుసను మాత్రమే కట్టే తేలికైనది వచ్చింది. మేం ఆ తేలికైన దారినే పట్టాం.

బైండింగ్ ముగిశాక కూడా గడుల్లో ఉన్నవి స్క్రిప్టు విలువలే. వాటిని సీ విలువలుగా మార్చాలి. స్ట్రింగ్‌కైతే చివర సున్నా బైటుతో ఒక నకలు కావాలి, అది పిలుపు ముగిసేదాకా బతికి ఉండాలి. మూడో ఆర్గ్యుమెంట్ మార్పిడి విఫలమైతే మొదటి రెండింటి నకళ్లను విడిచిపెట్టాలి. అసలు ప్రమాదం ఇంకోటి. ఒక వస్తువు తనను సంఖ్యగా మార్చుకునే పద్ధతిని స్క్రిప్టులోనే రాసుకుని ఉండవచ్చు. అంటే మన మార్పిడి మధ్యలో వాడేవారి కోడ్ నడుస్తుంది, అది మన లైబ్రరీ ద్వారానే ఇంకో సీ ఫంక్షన్‌ను పిలవవచ్చు. నా ముచ్చటైన లూపు ఇక్కడే కూలింది. సగం నింపిన రిజిస్టర్ పట్టికను లోపలి పిలుపు తొక్కేసింది. అప్పుడు దాన్ని మూడుగా చీల్చాను: బైండింగ్, మార్పిడి, పేర్చడం. పేర్చేటప్పుడు వాడేవారి కోడ్ ఒక్క పంక్తి నడవదు, మెమరీ అడగదు, విఫలమయ్యే అవకాశమే ఉండదు.

కింది సగం: ఎక్కడ పెట్టాలి

పేర్చడానికి ఫంక్షన్‌ను నమోదు చేసినప్పుడే ఒక ప్లాన్ కడతాం. ఏ గడిలోని విలువ ఏ చోటికి వెళ్లాలో వరుసగా రాసిన పట్టిక అది. పిలిచినప్పుడల్లా ఆలోచించే పని ఉండదు, పట్టిక చూసి పెట్టడమే.

32 బిట్ల విండోస్‌తో మొదలుపెట్టాం, అక్కడే ఎక్కువ నేర్చుకున్నాం. అక్కడ సీడెకెల్, ఎస్టీడీకాల్ అనే రెండు కాలింగ్ కన్వెన్షన్లూ ఆర్గ్యుమెంట్లను స్టాక్ మీదే, కుడి నుంచి ఎడమకు పెడతాయి. ముగిశాక స్టాక్‌ను ఎవరు సర్దాలన్న దాంట్లోనే తేడా. సీడెకెల్‌లో పిలిచినవారు, ఎస్టీడీకాల్‌లో పిలిపించుకున్న ఫంక్షన్. మూడు పూర్ణాంకాలు తీసుకునే ఒక ఎస్టీడీకాల్ ఫంక్షన్‌ను నేను సీడెకెల్‌గా నమోదు చేశాను. ఫంక్షన్ 12 బైట్లు సర్దింది, తిరిగి వచ్చాక మా కోడ్ ఇంకో 12 బైట్లు సర్దింది. ఫలితం సరిగ్గానే వచ్చింది. కానీ స్టాక్ ఎక్కడిదాకా వచ్చిందో చూపే స్టాక్ పాయింటర్ ఉండాల్సిన చోటుకు 12 బైట్లు పైన ఉంది. అలాంటి పిలుపు లూపులో ఉంటే ప్రతి చుట్టుకూ ఇంకో 12. కొన్ని చుట్ల తర్వాత, తర్వాతి పిలుపు కోసం పెట్టే ఆర్గ్యుమెంట్లు మా సొంత లోకల్ వేరియబుళ్ల మీద పడటం మొదలవుతుంది. మా లూపు లెక్కపెట్టే వేరియబుల్ ఒకటి ఉన్నట్టుండి 7 నుంచి పెద్ద చిరునామా లాంటి సంఖ్యకు ఎగిరింది. ఆ వేరియబుల్‌ను ముట్టుకునే పంక్తి కోసం ఒక రోజంతా వెతికాను. అలాంటి పంక్తి కోడ్‌లో ఎక్కడా లేదు.

ఎస్టీడీకాల్‌లో ఒక మంచి అలవాటు ఉంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఫంక్షన్ పేరు చివర ఎట్ గుర్తు పెట్టి, ఆర్గ్యుమెంట్ల మొత్తం బైట్లను రాస్తుంది. ఆ పేరు కనబడితే చాలు, నమోదు చేసిన టైపుల మొత్తం 12 అవుతుందో లేదో సరిచూడవచ్చు. విండోస్ సొంత ఫంక్షన్లు ఆ తోక లేకుండానే బయటికి వస్తాయి కాబట్టి అన్నిచోట్లా పనికిరాదు. దొరికినచోట మాత్రం ఇప్పుడు సరిచూస్తున్నాం.

64 బిట్లకు వచ్చేసరికి సర్దే గొడవ పోయింది, చోట్ల గొడవ వచ్చింది. పూర్ణాంకం, దశాంశం, పూర్ణాంకం తీసుకునే ఒక ఫంక్షన్‌ను చూడండి. లైనక్స్, మ్యాక్ ఎక్స్64 (64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) యంత్రాలు పాటించే సిస్టమ్ వీ పద్ధతిలో పూర్ణాంకాలకు ఆరు రిజిస్టర్లు, దశాంశాలకు ఎనిమిది. రెండు వరుసలూ వేర్వేరుగా నడుస్తాయి. కాబట్టి మన మూడూ ఆర్‌డీఐ, ఎక్స్ఎంఎం0, ఆర్‌ఎస్‌ఐ అనే రిజిస్టర్లలో కూర్చుంటాయి. విండోస్‌లో మొత్తం నాలుగే స్థానాలు, స్థానాన్ని బట్టే రిజిస్టర్. అదే మూడు ఆర్‌సీఎక్స్, ఎక్స్ఎంఎం1, ఆర్8లోకి వెళ్తాయి. రెండో స్థానం దశాంశానిది కాబట్టి ఆర్‌డీఎక్స్ ఊరికే పడి ఉంటుంది. దీన్ని ఒక కౌంటర్‌తో చేయాలా రెండింటితోనా అన్నదే ప్లాన్ కట్టే కోడ్‌లోని మొదటి ప్రశ్న.

విండోస్‌లో ఇంకొకటి మరిచాను. పిలిచేవారు స్టాక్ మీద 32 బైట్ల ఖాళీ వదలాలి. పిలిపించుకున్న ఫంక్షన్ తన నాలుగు రిజిస్టర్ ఆర్గ్యుమెంట్లను కావాలంటే అక్కడ దాచుకుంటుంది. మేం వదల్లేదు. విడుదల బిల్డ్‌లో అంతా బాగానే నడిచింది, ఎందుకంటే ఆప్టిమైజ్ చేసిన కోడ్ చాలాసార్లు ఆ చోటును ముట్టుకోదు. తప్పులు వెతకడానికి ఆప్టిమైజ్ చేయకుండా కట్టే డీబగ్ బిల్డ్ మాత్రం ఫంక్షన్‌లోకి రాగానే ఆర్గ్యుమెంట్లను అక్కడే రాసి మా విలువలను తుడిచేసింది. డీబగ్ బిల్డ్‌లో మాత్రమే చెడే తప్పును నేను చూడటం అదే మొదటిసారి.

కొన్ని విలువలను కలిపి ఒకటిగా కట్టే స్ట్రక్చర్ల గురించి క్లుప్తంగా చెబుతాను, లేకపోతే అదే వేరే వ్యాసమవుతుంది. రెండు దశాంశాలున్న 16 బైట్ల స్ట్రక్చర్ సిస్టమ్ వీలో రెండు ఎక్స్ఎంఎం రిజిస్టర్లలో వెళ్తుంది. విండోస్‌లో దాని నకలు చిరునామా వెళ్తుంది. పెద్ద స్ట్రక్చర్‌ను తిరిగి ఇచ్చే ఫంక్షన్‌కు ఫలితం రాయాల్సిన చిరునామా కనబడని మొదటి ఆర్గ్యుమెంట్‌గా చేరి, ఎక్స్64లో మిగతావన్నీ ఒక స్థానం జరుగుతాయి. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలో ఆ చిరునామాకు ఎక్స్8 అనే ప్రత్యేక రిజిస్టర్ ఉంది, ఏదీ జరగదు. జరగాల్సిన చోట జరగకపోయినా, జరగకూడని చోట జరిగినా ప్రోగ్రామ్ చాలాసార్లు వెంటనే కూలుతుంది, కాబట్టి దొరకడం తేలిక. దొరకనిది బూలియన్, అంటే అవును-కాదు విలువ. ఫంక్షన్ 'కాదు' అని తిరిగి ఇచ్చేటప్పుడు ఆర్‌ఏఎక్స్ రిజిస్టర్‌లోని కింది 8 బిట్లను మాత్రమే సున్నా చేస్తే చాలు. పై బిట్లలో అంతకుముందు చేసిన ఏదో లెక్క మిగిలిపోవచ్చు. మేం రిజిస్టర్ మొత్తాన్ని చదివి, సున్నా కాదు కాబట్టి 'అవును' అనుకున్నాం. ఫైల్ లేనప్పుడు కూడా ఉందని చెప్పే లైబ్రరీ తయారైంది.

మూడు చుక్కల ఫంక్షన్

ఆపిల్ ఆర్మ్ యంత్రం మీద మొదటిసారి టెస్టులు నడిపినప్పుడు ఒక్కటే విఫలమైంది. మా లైబ్రరీలోని లాగ్ ఫంక్షన్. ఫార్మాట్ స్ట్రింగ్ ఒకటి, దాని తర్వాత మూడు చుక్కలు, అంటే ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా ఇవ్వవచ్చు. 42 అని పడాల్సిన చోట ఏదో పెద్ద సంఖ్య పడింది. డీబగ్గర్‌లో ఆపి చూశాను. ఎక్స్0లో ఫార్మాట్ స్ట్రింగ్ చిరునామా, ఎక్స్1లో 42. పక్కన కూర్చున్న సహోద్యోగి తెర చూసి, "విలువ అక్కడే ఉంది కదండీ, అది ఎందుకు చూడట్లేదు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే.

ఆపిల్ పద్ధతిలో మూడు చుక్కల భాగంలోకి వచ్చే ఆర్గ్యుమెంట్లన్నీ స్టాక్ మీదే ఉండాలి, ఒక్కోదానికి 8 బైట్ల చోటు. ఫంక్షన్ ఎక్స్1 వైపు చూడనే చూడదు. స్టాక్ మీద చూసింది, అక్కడ ఉన్న పాత చెత్తను అచ్చువేసింది. లైనక్స్ ఆర్మ్‌లో మూడు చుక్కల ఆర్గ్యుమెంట్లు కూడా మామూలువాటిలాగే రిజిస్టర్లలో వెళ్తాయి కాబట్టి అక్కడ తప్పు బయటపడలేదు. మేం చేసిందేమిటంటే, పిలిచిన ప్రతిసారీ ఇచ్చిన ఆర్గ్యుమెంట్లను లెక్కపెట్టి, రెండు పారామీటర్ల మామూలు ఫంక్షన్‌గా ప్లాన్ కట్టడం. చుక్కలు ఎక్కడ మొదలవుతాయో మా నమోదులో రాసే చోటే లేదు.

ఆ సహోద్యోగి అంతటితో ఆగలేదు. "మరి ఎక్స్64 లైనక్స్‌లో ఎలా నడుస్తోంది?" అన్నారు. నడుస్తోంది కదా అని వదిలేయాలనిపించింది. అయినా సిస్టమ్ వీ పత్రం తెరిచాం. పూర్ణాంకాలకు తేడా లేదు. కానీ మూడు చుక్కల ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు ఏఎల్‌లో, అంటే ఆర్‌ఏఎక్స్ అడుగు బైటులో, ఎన్ని ఎక్స్ఎంఎం రిజిస్టర్లు వాడామో కనీసం అంత సంఖ్య పెట్టాలి. విలువలు పేర్చాక ఫంక్షన్‌లోకి దూకే మా అసెంబ్లీ (యంత్ర సూచనల భాష) తునక ఆ పని చేయట్లేదు. లాగ్ ఫంక్షన్ అసెంబ్లీ చూస్తే మొదట్లోనే ఒక పరీక్ష కనిపించింది. ఏఎల్ సున్నా అయితే, ఎక్స్ఎంఎం రిజిస్టర్లను దాచే ఎనిమిది సూచనలను దాటేసి ముందుకు దూకుతుంది. అప్పుడు దశాంశాలు కావాల్సి వస్తే, ఎవరూ రాయని చోటు నుంచి చదువుతుంది.

ఇక మిగిలింది మా ఏఎల్‌లో ఏముందన్నదే. మా తునక పిలవాల్సిన చిరునామాను ఆర్‌ఏఎక్స్‌లో పెట్టుకుని, దాని ద్వారానే దూకుతుంది. కాబట్టి ఏఎల్‌లో ఉన్నది ఆ ఫంక్షన్ చిరునామా అడుగు బైటు. మా బిల్డ్‌లో కంపైలర్ ఫంక్షన్లను 16 బైట్ల హద్దు మీద మొదలుపెడుతుంది. అంటే పదహారు అంకెల పద్ధతిలో రాస్తే అడుగు బైటు 00, 10, 20 అలా ఎఫ్0 వరకు, మొత్తం పదహారింటిలో ఒకటి. పదిహేను సందర్భాల్లో అది సున్నా కాదు, అంతా సవ్యం. ఒక్క 00 పడితే మాత్రం దశాంశాలు పోతాయి, పూర్ణాంకాలకు ఏమీ కాదు. లైబ్రరీ మెమరీలో ఎక్కడ దిగినా 4096 బైట్ల పేజీ హద్దు మీదే దిగుతుంది కాబట్టి అడుగు బైటు మారదు. ఒక బిల్డ్‌లో చెడితే ఎన్నిసార్లు నడిపినా చెడే ఉంటుంది. మళ్లీ కంపైల్ చేసి ఫంక్షన్ కాస్త జరిగితే బాగైపోతుంది.

మళ్లీ కంపైల్ చేస్తే బాగైపోయింది. ఆ మాట నేను ఎక్కడ విన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

దిద్దుబాటు రాయడం కంటే దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడానికే ఎక్కువ సమయం పట్టింది. నమోదులో స్థిర పారామీటర్లు ఎన్నో రాసే చోటు చేర్చాం. బైండింగ్‌కు అది పట్టదు, పేర్చే దశకు మాత్రమే కావాలి. మూడు చుక్కల ఫంక్షన్లకు ప్లాన్ ముందే కట్టలేం, పిలుపును బట్టి అప్పటికప్పుడు కడతాం. చుక్కల భాగంలో చిన్న పూర్ణాంకాలను పూర్తి ఇంట్‌గా, ఫ్లోట్‌ను డబుల్‌గా పెంచుతాం, సీ భాష నియమం అది. ఎక్స్64 తునకలో దూకడానికి ఆర్11 వాడి, ఏఎల్‌లో ఎక్స్ఎంఎం లెక్కను ప్రతి పిలుపుకూ పెడుతున్నాం. మామూలు ఫంక్షన్‌కు దానివల్ల నష్టమేమీ లేదు. విండోస్‌లో చుక్కల భాగంలోని దశాంశాలు పూర్ణాంకాల రిజిస్టర్‌లోనూ ఎక్స్ఎంఎంలోనూ రెండు చోట్లా ఉండాలి. మా కోడ్ మొదటి నుంచీ అన్ని ఫంక్షన్లకూ రెండు చోట్లా పెడుతోంది. అది ముందుచూపు కాదు, విడదీయడానికి బద్ధకించాం, అంతే.

మా దగ్గర యంత్రాలు లేని వేదికలకు కింది సగాన్ని, ఆ పనే చేసే లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ అనే లైబ్రరీకి అప్పగించాం. మొదట్లోనే ఎందుకు అప్పగించలేదని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. అది కూడా మూడు చుక్కల ఫంక్షన్లకు స్థిర పారామీటర్ల లెక్కను విడిగా అడుగుతుంది. అక్కడా ఒకసారి బూలియన్ దెబ్బే తిన్నాను, ఈసారి అటువైపు నుంచి. చిన్న పూర్ణాంక ఫలితాన్ని అది పూర్తి రిజిస్టర్ వెడల్పుకు పెంచి రాస్తుంది. నేను ఒక్క బైటు చోటు ఇచ్చాను, మిగతా ఏడూ పక్క వేరియబుల్ మీద పడ్డాయి.

ఈ తప్పుల్లో చాలావాటిని అన్ని రోజులు దాచిపెట్టింది అదృష్టమే: ఏఎల్‌లో సున్నా కానిది ఉండటం, 32 బైట్లను ఎవరూ ముట్టుకోకపోవడం, ఆర్‌ఏఎక్స్ పై బిట్లు శుభ్రంగా ఉండటం. కాబట్టి టెస్టుల్లో ఆ అదృష్టాన్ని తీసేశాం. ప్రతి టెస్టు పిలుపునూ రెండుసార్లు నడుపుతాం. దూకే ముందు, వాడని ప్రతి ఆర్గ్యుమెంట్ రిజిస్టర్‌నూ, కింది స్టాక్‌నూ ఒకసారి సున్నాలతో, ఇంకోసారి గుర్తుపట్టదగిన చెత్తతో నింపుతాం. పిలిపించుకునే టెస్టు ఫంక్షన్లు కూడా అసెంబ్లీలోనే ఉన్నాయి. అవి 32 బైట్ల చోటును కావాలని తొక్కుతాయి, బూలియన్ తిరిగి ఇచ్చేటప్పుడు పై బిట్లలో చెత్త వదులుతాయి. మొదటి రోజు ఈ టెస్టులు ఇంకో రెండు తప్పులు పట్టాయి, రెండూ కాల్‌బ్యాక్‌ల వైపు, అంటే సీ కోడ్ తిరిగి స్క్రిప్టును పిలిచే వైపు. లాంగ్ డబుల్ అనే పెద్ద దశాంశ టైపు మాత్రం ఇప్పటికీ మా లైబ్రరీలో లేదు. నమోదు చేయబోతే ఏ ఫంక్షన్‌లో ఏ పారామీటరో చెప్పి నిరాకరిస్తుంది.

పాత విడుదల ఫైలు మా దగ్గర భద్రంగా ఉంది. అందులో ఏ ఫంక్షన్ ఏ చిరునామాలో ఉందో చెప్పే సింబల్ పట్టికలో లాగ్ ఫంక్షన్ చిరునామా చూశాను, చివర రెండు అంకెలు సున్నాలే. నా యంత్రం మీది బిల్డ్‌లో అదే ఫంక్షన్ 40తో ముగుస్తోంది. ఆ పాత ఫిర్యాదును మళ్లీ తెరిచి, ఈ రెండు చిరునామాలూ కింద రాసి, ఆయనకు క్షమాపణ చెప్పి, ఈసారి "దిద్దాం" అని మూశాను.